నాలుగు గవ్వలు, ఐదు వంతులు

నాలుగు గవ్వలు నేల మీద వేస్తే ఎన్ని రకాలుగా పడతాయని ఎవరినైనా అడిగి చూడండి. వేళ్లు మడిచి ఐదు అంటారు. నాలుగూ బోర్లా పడొచ్చు, లేదా ఒకటి, రెండు, మూడు, నాలుగు వెల్లకిలా పడొచ్చు. మొత్తం ఐదు. ఆ ‘ఐదు’ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. ఆ ఒక్క మాట పట్టుకునే మా అమ్మను దరిద్రపు కాలుదాన్ని చేసి కూర్చోబెట్టారు.

మాది ఆలేరు దగ్గర పల్లె. మా తాతకు ఐదుగురు కొడుకులు, బావి మాత్రం ఒక్కటే. పొలాన్ని ఐదు ముక్కలు చేసి పంచాడు గానీ బావిని ఎట్లా పంచుతాడు? వేసవి వచ్చిందంటే రాత్రంతా ఊరిన నీళ్లు పొద్దున ఎవరు ముందు మోట కడితే వాళ్లవే. రెండోవాళ్లకు కొంత అందేది, మూడోవాళ్లకు ఇంకా తక్కువ. ఆఖరివాళ్ల మోటలోకి బురద వచ్చేది. అందుకని తాత ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి ఆదివారం పొద్దున బావిగడ్డ మీద నాలుగు గవ్వలు వేయాలి. ఎవరి అంకె పడితే ఆ వారమంతా వాళ్లది ముందు వంతు. మిగతావాళ్లు పెద్దాచిన్నా వరుసలో కట్టుకోవాలి. గవ్వలు పడేది ఐదు రకాలు, కొడుకులు ఐదుగురు. ఇంతకన్నా న్యాయం ఎక్కడుంటుందని తాత చచ్చేదాకా మీసం దువ్వుకున్నాడట.

అంకెలు పెద్దవాడి నుంచి కోరుకున్నారు. పెద్దబాపు బుచ్చయ్య, అంటే మా బాపుకు అందరికన్నా పెద్దన్న, రెండు తీసుకున్నాడు. అష్టాచెమ్మా ఆడినవాళ్లకు తెలుసు, నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఆటలో వాటికి మించినవి లేవు. “అష్ట, చెమ్మ మంచియి. గవి చిన్నోళ్లకు ఇడుద్దాం, మనం ఒకటీ రెండూ మూడుతోని సరిపెట్టుకుందాం” అన్నాడట పెద్దబాపు. పెద్దరికమంటే బుచ్చయ్యదేనని ఊరు మెచ్చుకుంది. తర్వాతి ఇద్దరూ ఒకటి, మూడు తీసుకున్నారు. నాలుగోవాడు మారయ్యకు అష్ట దక్కింది. ఐదోవాడైన మా బాపుకు చెమ్మ. “నాకు చెమ్మ వచ్చిందిరో” అని మా బాపు ఇంటిదాకా ఎగురుకుంటూ వచ్చాడట, పిచ్చి మారాజు.

ఆ ఏడే మా అమ్మ సోమమ్మ కాపురానికి వచ్చింది. చెమ్మ పడదు. ఆదివారాలు పోతున్నాయి, ఎప్పుడో ఒకసారి తప్ప చెమ్మ పడదు. ఇంత మంచి అంకె ఎందుకు పడటం లేదు? కొత్తగా ఇంటికి వచ్చింది ఎవరు? ఇంకేం, దొరికింది మా అమ్మ కాలు. కొన్నేళ్లకు బాపు పచ్చకామెర్లతో పోయాడు. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టి ఉంటే, పెద్దబాపు తలగుడ్డ తీసి కళ్లు తుడుచుకుంటూ అందరి ముందు అన్న మాట నేను చిన్నదాన్నయినా మరిచిపోలేదు.

“గవ్వలు ముందుగల్లనే చెప్పినయ్. మనమే ఇనకపోతిమి.”

ఆ రోజు నుంచి అమ్మ ఆదివారం బావిగడ్డ ఎక్కలేదు. తను దగ్గరుంటే గవ్వలు తిరగబడతాయన్నారని కొట్టం గోడ వెనక నిలబడి, ఏ అంకె పడిందో ఎవరన్నా చెబితే వినేది. మోట కొట్టేవాళ్లు గొంతెత్తి పాట పాడతారు, ఎడ్లను అదిలిస్తారు. అమ్మ తన ఆఖరి వంతులో బురదనీళ్లు తోడేటప్పుడు ఎడ్లకు కూడా గుసగుసగా చెప్పేది. పొద్దున్నే దాని గొంతు వినొద్దని ఎవరో అన్నారట. ఎవరో కాదు, నాకు తెలుసు ఎవరో.

అరవై ఆరులో, నేను నల్గొండలో మా మేనమామ ఇంట్లో ఉండి పియుసి పరీక్షలు రాసి ఊరికొచ్చాను. వానలు ఎగ్గొట్టిన ఏడు అది. యాసంగి వరి పొట్ట మీద ఉంది. ఇంకొన్ని తడులు పారితే గింజ పట్టేది, లేకపోతే గడ్డే. ఆ మడి గింజలతోనే అమ్మ ఏడాదంతా బతకాలి. నేను వచ్చిన మర్నాడే ఆదివారం.

పెద్దబాపు గవ్వలు తను ఎన్నడూ వేయడు. అదీ ఆయన పెద్దరికమే. “బిడ్డ సదువుకొని వచ్చింది, బిడ్డతోనే ఏయిద్దాం. ఎయ్యి సైదమ్మా” అని గవ్వలు నా చేతిలో పెట్టాడు. నేను కళ్లు మూసుకుని, చెమ్మ చెమ్మ అనుకుంటూ వేశాను. రెండు పడ్డాయి. నా చేత్తోనే మా నీళ్లు ఆయన మడికి పారించుకున్నాడు.

“ఏం జేస్తం బిడ్డా” అన్నాడు నా నెత్తి మీద చేయి వేసి. “మీ అమ్మ కాలు సంగతి నీకెరికే గదా. ఫికర్ జెయ్యకు. గా మడి నాకిడిసిపెట్టి, మీ మామ కాడికి పొండ్రి ఇద్దరు. ఎండినంక గా జాగా ఎవ్వడు అడుగుతడు? నేను గాబట్టి తీసుకుంట.”

గోడ వెనక అమ్మ తలూపుతోంది. ఆ తలూపడం చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏమనాలి? గవ్వలు వేసింది నేనే.

ఆ మధ్యాహ్నం బిక్షమ్మ పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. మారయ్య పెద్దబాపు పెళ్లాం. వాళ్ల అష్ట కూడా ఎప్పుడో గానీ పడదు గనక, మారయ్యకు శని పట్టిందని ఊళ్లో అనేవారు. మనిషి మాత్రం నవ్వుతూ తిరుగుతుంది. “మొకం గట్ల పెట్టుకోకే, రా ఒక ఆట ఆడుదాం” అని అరుగు మీద సుద్దముక్కతో గడులు గీసింది. నాకు మనసు లేదు. ఊరికే వేస్తున్నాను. మూడో నాలుగో చుట్టులో పెద్దమ్మ గవ్వలు విసిరి, లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

“చెమ్మ! నా తల్లే, చెమ్మ!”

“గంత సంబురమెందుకు పెద్దమ్మా?” అన్నాను చిరాగ్గా.

“ఎందుకేందే పిచ్చిదానా? చెమ్మ ఊకూకె పడ్తదా? ఒకట్లు, రెండ్లు, మూడ్లు పడ్తనే ఉంటయ్. చెమ్మ పడాల్నంటే ముక్కోటి దేవతలు దిగి రావాలె. అందుకే గదా దానికి మల్లొక్క ఆట ఇచ్చేది!”

నేను అరుగు మీద పడ్డ ఆ నాలుగు గవ్వలనే చూశాను. కాలేజీలో సారు నాణేలు ఎగరేసే లెక్కలు చెప్పాడు. బొమ్మ ఎన్నిసార్లు, బొరుసు ఎన్నిసార్లు అని. మార్కుల కోసం చేసి వదిలేశాను. మా బావిగడ్డ మీద ప్రతి ఆదివారం జరిగేది అదే లెక్క అని నా మొద్దు బుర్రకు తట్టనే లేదు. నాకే కాదు. అష్టాచెమ్మా ఆడని ఇల్లు మా ఊళ్లో లేదు. చెమ్మ అరుదని ఆటలో పసిపిల్లకు కూడా తెలుసు. బావి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే చెమ్మ మిగతా వాటితో సమానం! మా బాపు అరుదైన దాన్ని చూసి గొప్పది అనుకున్నాడు. ఆటలో అది గొప్పదే. వారం వారం నీళ్లు కావలసినవాడికి అరుదైనది ఎందుకు, తలకు రాసుకోవడానికా?

లోపలికి పోయి పసుపు, కుంకుమ, పొయ్యిలో మసి తెచ్చాను. ఒక గవ్వకు పసుపు రాశాను, ఒకదానికి కుంకుమ, ఒకదానికి మసి. నాలుగోది తెల్లగానే ఉంచాను.

“చూడు పెద్దమ్మా. నాలుగూ ఎల్లెలకల పడుడంటే ఒక్కటే తీరు. నాలుగు ఎల్లెలకలనే ఉండాలె, ఇంకో దారి లేదు. మరి రెండు పడుడంటే? పసుపుదీ కుంకుమదీ పడొచ్చు. పసుపుదీ మసిదీ పడొచ్చు. పసుపుదీ తెల్లదీ పడొచ్చు...”

పెద్దమ్మ చింతగింజలు తెచ్చుకుని ఒక్కో తీరుకు ఒక్కో గింజ పెట్టింది. కుంకుమదీ మసిదీ, కుంకుమదీ తెల్లదీ, మసిదీ తెల్లదీ. రెండుకు ఆరు గింజలు వచ్చాయి. ఒకటికి నాలుగు. మూడుకు కూడా నాలుగే, ఎందుకంటే మూడు వెల్లకిలా పడ్డాయంటే ఏదో ఒకటి బోర్లా పడ్డట్టు, ఆ ఒకటి నాలుగింటిలో ఏదైనా కావచ్చు. చెమ్మకు ఒక్క గింజ. ఒక్కో గవ్వ రెండు తీర్లుగా పడుతుంది గనక, నాలుగింటికి మొత్తం పదహారు గింజలు కావాలన్నాను. పదిహేనే ఉన్నాయి.

“ఇంకొక్కటి ఏడవోయింది?” అంది పెద్దమ్మ.

“గది మీ అష్ట పెద్దమ్మా. నాలుగూ బోర్ల. దానికీ ఒక్కటే.”

ఆమె నవ్వు ఆగిపోయింది. ఇంకో గింజ తీసి విడిగా పెట్టింది. ఆ ఒక్క గింజనూ, పక్కన పెద్దబాపు ఆరు గింజలనూ చూసింది. పదహారు ఆదివారాలు గవ్వలు వేస్తే సుమారుగా ఆరు ఆయనవి, మాకు ఒకటి, వాళ్లకు ఒకటి. గవ్వ నాణెం కాదు, కొంచెం అటూ ఇటూ ఉంటుందేమోనని ఒక్క గవ్వనే మళ్లీ మళ్లీ వేసి చూశాం. ఇంచుమించు సగం అటూ సగం ఇటూ పడింది.

“ఓరి నీ నోట్ల మన్నుబడ! మా ఆయినకు శని పట్టిందని నేను శనివారం శనివారం ఒక్కపొద్దులు ఉంటినే!” అని బిక్షమ్మ పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

అమ్మకు చెప్పాను. గింజలన్నీ మళ్లీ పేర్చి చూపించాను. అమ్మ విన్నది. విని, చింతగింజలు ఎత్తి చాటలో పోసింది.

“ఊకో బిడ్డా. నోరు మంచిదయితే ఊరు మంచిదయితది. పెద్దోళ్ల మీద లెక్కలు కడ్తరా?”

“నీకు కోపం రాదానే అమ్మా? ఇన్నేండ్లు నిన్ను గోడెనక నిలబెట్టిండ్రు!”

“కోపమొస్తె ఏం జేస్త? నా కాలే మంచిగ లేనప్పుడు.”

చూడండి, లెక్క అర్థం చేయించడం నాకు సులువే అయింది. ఆ కాలి మాటను ఆమె మనసులోంచి పీకడం నావల్ల కాలేదు. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. మడి నెర్రెలు విచ్చింది. వరి ఆకులు పొద్దెక్కకముందే చుట్టుకుపోతున్నాయి. పెద్దబాపు మడిలో మాత్రం నీళ్లు నిలిచి కొంగలు వాలుతున్నాయి.

ఆదివారం వచ్చింది. ఐదిళ్లవాళ్లూ బావిగడ్డ మీద కూడారు. అమ్మ గోడ వెనకే ఉంది. పెద్దబాపు గవ్వలు తీసి, “ఇయ్యాల ఎవలు ఏస్తరు?” అన్నాడు.

“జర ఆగు పెద్దబాపూ” అన్నాను. రంగులు పూసిన నా గవ్వలు నేల మీద పెట్టి అంతా చెప్పాను. రెండుకు ఆరు తీర్లు, చెమ్మకు ఒకటి. బిక్షమ్మ పెద్దమ్మ పక్కన కూర్చుని చింతగింజలు పేర్చింది. ఒకటీ మూడూ తీసుకున్న అన్నదమ్ములిద్దరూ తేలు కుట్టిన దొంగల్లాగా నేల చూపులు చూశారు. నాలుగేసి గింజలు వాళ్లవి. వాళ్లకేం నష్టం? తిలాపాపం తలా పిడికెడు.

పెద్దబాపు పకపకా నవ్వాడు.

“చదవేస్తే ఉన్న మతి పోయిందట. గవ్వలకు రంగులు పూస్తే న్యాయం మారుతదా? పడేది ఐదు తీర్లు. అంకెలు ఐదు. అన్నీ సమానమే. పడేది పడనిది దేవుని చేతుల ఉంటది.”

“అన్నీ సమానమేనా?”

“సమానమే.”

“మీ రెండూ, మా నాలుగూ?”

“అరే, సమానమే అంటున్న గదా!”

“గట్లయితే మార్చుకుందాం” అన్నాను. “నీ రెండు మాకియ్యి. మా నాలుగు నువ్వు తీసుకో. చెమ్మ మంచిదని నువ్వే గదా చిన్నోళ్లకు ఇడిస్తివి. ఇన్నేండ్లు మేం ఉంచుకున్నం, ఇగ నువ్వు ఉంచుకో.”

ఆయన నవ్వు ముఖం మీదే ఉంది గానీ కళ్లు నవ్వడం మానేశాయి.

“మా బాపు ముందట పంచుకున్న అంకెలు. మారిస్తె పాపం తాకుతది.”

“సమానమైనదాన్ని మారిస్తె పాపమెట్ల తాకుతది?”

“మాకియ్యి బావా, మాకియ్యి!” అని బిక్షమ్మ పెద్దమ్మ లేచింది. “మా అష్ట తీసుకో. అష్ట చెమ్మకన్న పెద్దది!”

ఎవరో కిసుక్కుమన్నారు. మారయ్య పెద్దబాపు నవ్వలేదు. నెమ్మదిగా ముందుకొచ్చి, “అన్నా, నీకు అన్నీ సమానమేనంటివి. ఒక్క ఎండకాలం మందం మార్చుకుంటె నీకేం పోతది? పోరిదాని మడి ఎండుతాంది” అన్నాడు.

“మారయ్యా, నువ్వు గూడనా?”

“ఏం పోతదన్నా?”

“మార్చు పెద్దబాపూ” అన్నాను. ఒంటికాలి మీద లేచాను. భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. “మా అమ్మ కాలే మంచిది కాకపోతె, నీ రెండు మాకొచ్చినంక అదీ పడదు. నీకేం భయం? నీ కాలు మంచిదే గదా, చెమ్మ వారం వారం పడ్తది. మార్చు! ఎందుకు మార్చవు?”

ఆయనకు కోపం వచ్చింది. పెద్దమనిషికి కోపం రాకూడదు, వచ్చిందంటే లోపలున్నది బయటికొస్తుంది.

“ఎవ్వనికన్న రెండు ఇస్తరానే? రెండు ఇడుసుకునేటంత ఎర్రిబాగులోని లెక్క కనబడుతున్ననా నీకు?”

అనేశాడు. అన్నాక తెలిసింది ఏమన్నాడో. ఐదిళ్ల మనుషులు, పిల్లలతో సహా, ఆయన ముఖం చూస్తున్నారు. మారయ్య పెద్దబాపు మెల్లగా చింతగింజల ముందు కూర్చుని తన ఒక్క గింజ చేతిలోకి తీసుకున్నాడు.

“నీకెరికేనన్నట్టు” అన్నాడు.

నేను ఇంకా చాలా అనాలనుకున్నాను. తిట్లన్నీ నాలుక చివరే ఉన్నాయి. అప్పుడు నా వెనక గాజులు లేని చేయి ఒకటి నా భుజం పట్టుకుని పక్కకు జరిపింది. అమ్మ. గోడ వెనక నుంచి వచ్చి బావిగడ్డ ఎక్కింది. ఆదివారం పూట, గవ్వల ముందు. ఎవరూ అడ్డం చెప్పలేదు.

అమ్మ నీళ్ల గురించి అడగలేదు. మడి గురించి అడగలేదు. పెద్దబాపు ముందు నిలబడి, తల ఎత్తి, ఆయన కళ్లలోకి చూసింది. ఆమె అట్లా చూడగా నేను ఎన్నడూ చూడలేదు.

“బావా, ఒక్క మాట చెప్పు. మీ తమ్ముని పీనుగను వాకిట్ల పండబెట్టిననాడు, గవ్వలు ముందుగల్లనే చెప్పినయ్ అంటివి. గా దినం గూడ నీకు ఎరికేనా?”

పెద్దబాపు తలగుడ్డ సర్దుకున్నాడు. బావిలోకి చూశాడు. తమ్ముళ్ల వైపు చూశాడు, వాళ్లు చూపు తిప్పుకున్నారు.

“చెప్పు బావా. ఎరికేనా? నేనే మింగిన్నని పన్నెండేండ్ల సంది ఏడుస్తున్న. నా బిడ్డను దగ్గరికి తీసుకోవాల్నంటె గూడ భయపడ్డ. దీనికేం జేస్తనో అని మా అన్న ఇంటికి పంపిన. నీకు ఎరికేనా?”

ఆ మాట నాకు తెలియదు. చదువుకోసం పంపిందనుకున్నాను.

పెద్దబాపు చేతిలోంచి గవ్వలు నేల మీదికి జారాయి. ఎన్ని వెల్లకిలా పడ్డాయో, ఎన్ని బోర్లా పడ్డాయో ఎవరూ వంగి చూడలేదు.

“ఇగ గవ్వల్లేవు గివ్వల్లేవు” అన్నాడు మారయ్య పెద్దబాపు. “వారానికి ఒక్క ఇంటిది ముందు వంతు, వరుసగ. ఇయ్యాల్టి సంది చిన్నోళ్ల కాంచి మొదలు.”

అమ్మ అప్పటికే మా ఎడ్లను తోలుకొస్తోంది. నేను సాయానికి పోబోతే కళ్లతోనే ఆగమంది. మోట కట్టింది, తాడు బిగించింది. నిండు మోట పైకి వచ్చి కాలువలో గుమ్మరించుకుంది. తెల్లటి నీళ్లు, బురద లేని నీళ్లు. మా మడి సగం అప్పటికే ఎండిపోయింది, ఆ సగం ఇక తిరిగి రాదు. మిగతా సగానికి నీళ్లు పారాయి.

ఎడ్లు మళ్లీ వెనక్కి జరిగాయి. అమ్మ చర్నాకోల గాలిలో విసిరి, బావిగడ్డ మీద నిలబడ్డ అందరూ వినేటట్టు, “హోయ్, నడూ! నడువుండ్రి నా తండ్రుల్లారా!” అని అరిచింది. కొట్టం మీది కాకులు లేచిపోయాయి. మా అమ్మ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.